దుకాణం టైం

బరంపురం బడా బజార్‌లో ధనరాజ్ వాళ్ళ పట్టుచీరల దుకాణం ఉంది. అందులో గోడ గడియారం ఊళ్ళో గడియారాలన్నిటికన్నా పావుగంట ముందు నడుస్తుంది. చెడిపోయి కాదు, అలా నడపడం ఆ ఇంటి ఆచారం. ధనరాజ్ తాతగారి రోజుల్లో పెళ్ళివారి చీరల మూట పట్టుకుని స్టేషనుకి పరుగెత్తేసరికి మెయిలు వెళ్ళిపోయిందట. పెళ్ళయిపోయాక మూట చేరిందట. ఆ అవమానం భరించలేక పెద్దాయన ఇంట్లోనూ దుకాణంలోనూ ఉన్న గడియారాలన్నీ ముందుకి తిప్పించి, తన వంశంలో ఎవరూ వెనక్కి తిప్పకూడదని ఒట్టు వేయించుకున్నాడు. ఎవరూ తిప్పలేదు. దుకాణం మేడ మీద మనవడు ధనరాజ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టినప్పుడు కూడా ముందుగా మెట్లెక్కింది కంప్యూటరు కాదు, గడియారం.

ఈ ఆచారంలో ఒక తిరకాసు ఉంది. పొద్దున్న వచ్చేటప్పుడు చెల్లేది దుకాణం టైం. సాయంత్రం వెళ్ళేటప్పుడు చెల్లేది ఊరి టైం. వేలు పెట్టే హాజరు మిషను గోడ గడియారంతో పాటే ముందుకి తిప్పి ఉంటుంది కనక, ఊరి లెక్కన సరిగ్గా వచ్చినవాళ్ళు కూడా ఆలస్యంగా వచ్చినట్టే. సాయంత్రం ఎవరైనా గోడ వైపు చూసి సంచి సర్దుకోబోతే ధనరాజ్ జేబులోంచి ఫోను తీసి, "ఇంకా అవనేదు కదేటి?" అనేవాడు. ఆ ఫోను మాత్రం ఊరి టైం చూపించేది. రోజుకొక పావుగంట ఆ రెండు గడియారాల సందులో పడి పోయేది. అదెవరి పావుగంటో ఎవరూ అడగలేదు. మొదటి వారంలో అందరూ సణిగారు. ఆ తరవాత గోడకేసి చూసినా, లాప్‌టాప్ మూలనున్న టైం చూసినా, మనసులోనే ఒక పావుగంట తీసేసుకోవడం అలవాటైపోయింది. తీసేస్తున్నామన్న సంగతే మరిచిపోయేంతగా అలవాటైపోయింది.

అలా అలవాటు పడినవాళ్ళలో ప్రమోద ఒకర్తి.

ప్రమోద తాత దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి రైలు ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాడు. తండ్రిదీ రైలు ఉద్యోగమే. పెళ్ళి చేసుకున్న సూర్యతేజ కూడా ఖల్లికోట స్టేషనులో సిగ్నళ్ళ పని చూస్తాడు. తెల్లవారే బండెక్కితే దీపాలు పెట్టే వేళకి గాని ఇంటికి రాడు. ప్రమోద ఒడియా బడిలో చదువుకుని, ఊళ్ళోనే ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, కంప్యూటరు పని తనంతట తను నేర్చుకుంది. మెతక మనిషని పేరు. నిజానికి మెతక కాదు, కోపాన్ని అరగదీసుకునే మనిషి. అరగదీసుకోవడం చేతకాని రోజు ఒకటి వచ్చింది, దాని గురించే ఈ కథ.

ఆఫీసులో వాళ్ళు చేసే పని ఇదీ. చిలికా ఒడ్డున, ఖల్లికోట చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నాయి. ఒక్కో చెరువులో నీళ్ళలో ప్రాణవాయువు ఎంతుందో కొలిచే పరికరం ఒకటి తేలుతూ ఉంటుంది. ఆ కొలత ఎక్కడో దూరాన అద్దెకి తీసుకున్న పెద్ద మిషన్లకి చేరుతుంది. అక్కడ వీళ్ళు రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాము లేచి, కొలత చూసి, తగ్గితే రైతు ఫోనుకి కబురు పంపి మళ్ళీ పడుకుంటుంది. అలాంటి ప్రోగ్రాముని ఫంక్షన్ అంటారు. దానికంటూ సొంత మిషను ఉండదు. పిలిస్తే లేవాలి, పని చెయ్యాలి, పడుకోవాలి, అంతే. ఏ ఇంట్లోనో చంటిపిల్ల తల్లిని చూసి ఎవరైనా దీన్ని ఇలా రాశారా అని ప్రమోదకి ఒక్కోసారి అనిపించేది. కాకపోతే తల్లికి ఆ చివరి పడుకోవడం ఉండదు.

ఫంక్షన్‌ని అసలు మిషన్ల మీదకి పంపే ముందు ఆఫీసులోనే నడిపి చూసుకోవాలి కదా. అందుకని ప్రతివాళ్ళ లాప్‌టాప్‌లోనూ లోపల ఇంకో కంప్యూటరు ఉన్నట్టు భ్రమ కల్పిస్తారు. అదే వర్చువల్ మిషను. లోపలి మిషను బయటి పెద్ద మిషన్లకి అచ్చమైన నకలుగా ఉండాలి. అందులోకి ఎక్కించాల్సిన ప్రోగ్రాములు బోలెడు, ఒకదాని తరవాత ఒకటి వరస తప్పకుండా ఎక్కాలి. ఒక్కటి తప్పితే లేవదు.

ఆ పని ఉదయ్ భాస్కర్‌ది. ఊళ్ళో పాత కుటుంబం, తండ్రి బడిపంతులు. మాట శుభ్రం, చొక్కా శుభ్రం. కొత్త మనిషి చేరితే ఆయన ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని రోజంతా చేత్తో అన్నీ ఎక్కించేవాడు. భంజనగర్ నుంచి వచ్చి చేరిన ఒక అమ్మాయి మిషను సిద్ధమయ్యేదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది, ఆయన తీరిక కోసం. అంతేకాదు, రోజూ పొద్దున్న ఆయన ఒక్కో బల్ల దగ్గరా ఆగి, లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, తెర మీద ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీలో ఒక వరస ఏదో కొట్టి, గుళ్ళో తీర్థం ఇచ్చినట్టు ముందుకి సాగిపోయేవాడు. కరెంటు పోయి మిషను ఆగితే మళ్ళీ ఆయన్నే పిలవాలి. ఏం చేస్తారని ఎవరైనా అడిగితే నవ్వేవాడు.

ఇక ప్రమోద కూతురు దివ్యశ్రీ. మూడేళ్ళు నిండుతున్న పిల్ల. వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ పిల్లకి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చింది. ఇంట్లో అత్తగారు బంగారమ్మ ఒక్కర్తే ఉంది. కబురు అందుకుని ప్రమోద ఆఫీసు నుంచి పరుగెత్తుకు వచ్చేసరికి, పక్కింటావిడ పిల్ల పళ్ళ మధ్య చెంచా దూర్చి ఉంది. పెదవి చిట్లి నెత్తురు. పిల్ల పిడికిట్లో ఇనప తాళంచెవుల గుత్తి. డాక్టరు ముందు వాళ్ళని తిట్టి, తరవాత ధైర్యం చెప్పాడు. జ్వరంతో వచ్చే ఫిట్స్ అమ్మా, మళ్ళీ జ్వరమొస్తే మళ్ళీ రావచ్చు, అయిదారేళ్ళు వచ్చేసరికి పోతుంది, పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి, అయిదు నిమిషాలు దాటితే తీసుకొచ్చెయ్యండి అన్నాడు.

ప్రమోద ఇంటికొచ్చి దాని గురించి దొరికిందల్లా చదివింది. నూటికి ఎందరికి వస్తుందో, వచ్చినవాళ్ళలో ఎందరికి మళ్ళీ వస్తుందో అన్నీ తెలుసుకుంది. తెలిసిన ప్రతి అంకె భయాన్ని కొంచెం తగ్గించాలి. చదువు చెప్పేది అదే. ఆమెకి ఒక్క అంకె కూడా ఆ పని చెయ్యలేదు. పిల్ల నిద్రలో కాలు కదిపినా లేచి కూర్చునేది. చివరికి ఒకరోజు దిండు తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"అత్తా, ఇది దివ్య అనుకోండి. ఇప్పుడు ఫిట్స్ వచ్చింది. ఏం చేస్తారు?"

"దిండుకి ఫిట్సేటే?"

"అనుకోమంటున్నాను కదా!"

"అనుకున్నాను. సెంచా ఎక్కడున్నాదో ఎతుకుతాను."

"అత్తా!"

"ఊరికే అన్నానే. ఇదిగో, ఇలా పక్కకి తిప్పీసినాను. నోట్లో ఏటీ ఎట్టలేదు. టైం సూస్తన్నాను. సాలా? ఇంక దిండుకి బువ్వ కూడా ఎట్టమంటావేటి?"

ఆ దిండుకి ఆ నెలలో చాలాసార్లు ఫిట్స్ వచ్చాయి. బంగారమ్మ ప్రతిసారీ వెక్కిరించింది, ప్రతిసారీ తిప్పింది.

అయినా ప్రమోదకి కావలసింది అది కాదు. జ్వరం వచ్చిన రోజుల్లో తను ఇంట్లో ఉండాలి. ఉద్యోగం మానే వీలు లేదు. చేసే పనంతా లాప్‌టాప్‌లోనే కదా, ఇంటి నుంచి చేస్తే ఏం పోతుంది? ధనరాజ్‌ని అడిగింది.

"ఇంటికాడ నుంచి సేస్తానంటావు, బాగుంది," అన్నాడు ధనరాజ్, కుర్చీలో వెనక్కి వాలి. "లోపలి మిషను పడిపోతే ఎవులు లేపుతారు? భాస్కర్ గారొచ్చి మీ ఇంట్లో కూకుంటారేటి? మీ అత్త టీ ఇస్తాదా ఆయనకి?"

అందరూ నవ్వారు. ప్రమోద కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. "ఎవరూ అక్కర్లేకుండా ఒక్క మాట టైపు చేస్తే దానంతట అదే లేచేలా రాస్తే?"

"రాయి. సోమవారం అందరి మిషన్ల మీదా లేపి సూపించు. ఆ రోజు నుంచి నువ్వు ఇంటికాడ నుంచి సేసుకో. నేనే సెప్తన్నాను, అందరూ ఇన్నారు కదా."

అందరూ విన్నారు.

ప్రమోద రాసింది. సెలవు రోజు మధ్యాహ్నం పిల్ల పడుకున్నప్పుడు, వంట పొయ్యి మీద ఉండగా, రాసింది. ముందు పాత మిషను ఉంటే తీసెయ్యి, కొత్తది కట్టు, దీన్ని ఎక్కించు, అది ఎక్కిందో లేదో చూడు, ఎక్కకపోతే ఆగి ఎందుకెక్కలేదో చెప్పు. భౌతిక శాస్త్రం ప్రయోగశాలలో నేర్చిన క్రమశిక్షణ అది. ఒకరు చేసింది ఇంకొకరు చేసినా అదే ఫలితం రావాలి, రాకపోతే అది ప్రయోగం కాదు, గారడీ. సందేహం వచ్చిన చోటల్లా ఉదయ్ భాస్కర్‌ని అడిగింది.

"ఇది వంట లాంటిదమ్మా," అన్నాడాయన. "చెయ్యి తిరగాలి. రాసి ఇచ్చేస్తే వచ్చేది కాదు."

"అది సరే భాస్కర్ గారూ, రోజూ పొద్దున్న మిషను లేచాక మీరు ఏదో కొడతారు కదా. అక్కడ చేత్తో చెయ్యాల్సింది ఏమైనా ఉందా?"

"ఏమీ లేదమ్మా. ఊరికే ఒకసారి చూసి పోతాను."

ఆమె నమ్మింది. తన లాప్‌టాప్ మీద నడిపి చూసింది. ఒక్క మాట టైపు చేస్తే, టీ కాచుకుని వచ్చేలోగా లోపలి మిషను లేచి కూర్చుంది. ఫంక్షన్‌ని పిలిచింది. పలికింది. తీసేసి మళ్ళీ కట్టింది. మళ్ళీ పలికింది.

సోమవారం పొద్దున్న దివ్యశ్రీ ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. ప్రమోద గడప దాటుతూ రెండుసార్లు వెనక్కి వచ్చి నుదురు ముట్టుకుంది. "ఎల్లు, ఎల్లు. ఇయాల్టితో అయిపోతాదన్నావు కదా," అంది బంగారమ్మ.

ఆఫీసులో అందరూ చుట్టూ చేరారు. మొదట రేష్మ లాప్‌టాప్. రేష్మ ప్రమోద పక్క బల్ల అమ్మాయి. ప్రమోద ఆ ఒక్క మాటా టైపు చేసింది, అక్షరాలు పరుగెత్తాయి, లోపలి మిషను లేచింది. రేష్మ చప్పట్లు కొట్టింది. ఫంక్షన్‌ని పిలిచారు. ఎర్ర అక్షరాలు వచ్చాయి, సంతకం చెల్లదని.

మళ్ళీ పిలిచారు. చెల్లదు. రెండో లాప్‌టాప్, మూడోది, భంజనగర్ అమ్మాయిది, అన్నిటి మీదా మిషను లేస్తుంది, ఫంక్షన్ పలకదు. ఒక్క ప్రమోద లాప్‌టాప్ మీద మాత్రం చిలకలా పలుకుతుంది.

"ఓలమ్మ!" అన్నాడు ధనరాజ్. "నీ మిషను మీద తప్ప ఇంకెవులి మీదా పలకని దేవతేటే ఇది? దీన్ని పలికించే గణాచారివి నువ్వొక్కర్తివేనా?"

ఉదయ్ భాస్కర్ టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. రేష్మ లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు, ఎప్పటిలాగే. ఒక వరస కొట్టాడు. మళ్ళీ పిలిచి చూడమన్నాడు. పలికింది.

"సూసినారా? సెయ్యంటే అదీ," అన్నాడు ధనరాజ్. "హెలా, హెలా, అయిపోనాది, అందరూ సీట్లలోకి ఎల్లండి. ప్రమోదా, ఇంటికాడ పని మాట మరి ఎత్తకు."

"చెప్పాను కదమ్మా," అన్నాడు ఉదయ్ భాస్కర్ మెత్తగా.

ప్రమోద రేష్మ బల్ల దగ్గరే నిలబడిపోయింది. అప్పుడే ఫోను మోగింది. బంగారమ్మ.

"అమ్మీ, గుంటకి ఒళ్ళు కాలతన్నాది. మందు ఇప్పుడే పోసినాను, టైం సూసుకో. నువ్వు బేగి వొచ్చీ."

ప్రమోద ఎదురుగా రేష్మ లాప్‌టాప్ మూలన ఉన్న టైం చూసింది. పన్నెండుంపావు. "పన్నెండుకి పోశారన్నమాట, సరే," అంది.

అని, ఆగిపోయింది.

పన్నెండుంపావు చూసింది. పన్నెండు అంది. మధ్యలో పావుగంట ఎప్పుడు తీసేసిందో ఆమెకే తెలియదు. తను తీసేసుకుంటుంది. రేష్మ తీసేసుకుంటుంది. ఈ మేడ మీద ఉన్న ప్రతి మనిషీ తీసేసుకుంటాడు. మిషను తీసేసుకోదు. ఏ టైం చెబితే అదే నిజమనుకుంటుంది.

దూరాన ఉన్న పెద్ద మిషన్ల నుంచి కొలతలు అడిగినప్పుడల్లా లోపలి మిషను ఒక సంతకం పెడుతుంది. సంతకంలో అది పెట్టిన వేళ కూడా ఉంటుంది. కొద్ది నిమిషాల తేడా అయితే అవతలివాళ్ళు ఊరుకుంటారు. పావుగంట తరవాత పుట్టబోయే సంతకాన్ని ఎవరు ఒప్పుకుంటారు? లోపలి మిషనుకి టైం చెప్పేది లాప్‌టాప్. లాప్‌టాప్‌కి టైం చెప్పేది ఉదయ్ భాస్కర్. గోడ మీద ఒక టైం, తెర మీద ఒక టైం ఉంటే జనం సాకులు చెబుతారని ధనరాజ్ హుకుం. కొత్త లాప్‌టాప్ రాగానే ముందుకి తిప్పేది ఆయనే. రోజూ పొద్దున్న తిరిగి, ఎవరికీ చెప్పకుండా లోపలి మిషనుని మాత్రం వెనక్కి తిప్పేదీ ఆయనే. ఆ తీర్థం ఇదన్నమాట.

మరి తన లాప్‌టాప్? పిల్లకి ఫిట్స్ వచ్చినప్పటి నుంచి, మందు వేళల్లో పొరపాటు రాకూడదని ప్రమోద తన తెర మీద టైం ఎవరితోనూ చెప్పకుండా సరిచేసుకుంది. అప్పటి నుంచీ ఉదయ్ భాస్కర్ పొద్దుటి తిరుగుడులో ఆమె బల్ల దగ్గర ఆగడం మానేశాడు. తెర మూలకి ఒక చూపు చూసి దాటిపోయేవాడు. పని తెలిసిన మనిషని గౌరవిస్తున్నాడనుకుని ఆమె లోలోపల మురిసిపోయింది కూడా.

ఆయనకి తెలుసు. అడిగిన రోజు తెలుసు, ఇవాళ టీ తాగుతూ చూస్తున్నప్పుడూ తెలుసు.

ఫోను చెవిన ఉండగానే పక్కనున్న తన బల్ల మీంచి సంచి తీసి భుజాన వేసుకుంది. పిల్ల ఒళ్ళు కాలుతోంది. మెట్లు దిగి ఆటో ఎక్కాలి. కానీ ఈ ఓటమితో దిగితే రేపు జ్వరం వచ్చినా, వచ్చే నెల వచ్చినా మళ్ళీ ఇవే మెట్లు, ఇదే పరుగు. ఒక్క వరస రాస్తే చాలు. "ఇదిగో అత్తా, బయలుదేరుతున్నాను," అని ఫోను పెట్టేసి, సంచి తియ్యకుండానే వంగి రేష్మ లాప్‌టాప్ మీద టైపు చెయ్యడం మొదలుపెట్టింది. లేవగానే లాప్‌టాప్‌ని టైం అడగొద్దు, బయట ప్రపంచానికి టైం చెప్పే మిషన్లని అడుగు, అంతే ఆ వరస. పాత మిషను తీసేసింది. కొత్తది కట్టింది. పిలిచింది.

పలికింది.

రెండోది. మూడోది. భంజనగర్ అమ్మాయిది. ఒక్కొక్కటీ లేచేదాకా నిలబడి చూసింది. అన్నీ పలికాక తిరిగి చూసింది.

"భాస్కర్ గారూ, నేను మిమ్మల్ని అడిగాను. లేచాక చేత్తో ఏమైనా చేస్తారా అని అడిగాను."

ఆయన చొక్కా అంచు సవరించుకున్నాడు. "అంత చిన్న సంగతమ్మా అది..."

"సిన్నదైతే సెప్పడానికి ఏటి అడ్డం మీకు?" కోపం వస్తే ప్రమోద నోట్లోంచి పుస్తకాల మాట పోయి పుట్టింటి మాట వస్తుంది. "నా కూతురుకి ఫిట్సని మీకు తెల్దా? ఎందుకు అడుగుతన్నానో తెల్దా? గుంట పెదవి సిట్లిన నాడు మీరే కదండీ అయ్యో పాపం అన్నారు!"

ఉదయ్ భాస్కర్ తన టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తరవాత గొంతు తగ్గించి అన్నాడు, "అందరి మిషన్లూ వాటంతట అవే లేస్తే, పొద్దున్నే నేను ఎవరి దగ్గరికి వెళ్ళనమ్మా?"

ఆ మాట ప్రమోదకి తగిలింది. తగిలినా కోపం తగ్గలేదు. ఎవరి భయం వాళ్ళకి ఉంటుంది. తన భయాన్ని ఇంకొకరి పిల్ల మీద పెట్టి బతకమని ఎవరు చెప్పారు?

ధనరాజ్ గోడ గడియారం వైపు చూశాడు. "అయితే తప్పు మా తాతగారి గడియారానిదంటావు."

"గడియారం మీ ఇష్టం సార్. మిషన్లు ఇంక దాన్ని సూడవు. సోమవారం అన్నిటి మీదా లేపమన్నారు, లేపినాను."

"బాగుంది, సానా బాగుంది." ఆయన మొహం వ్యాపారం మొహం అయింది. "కానీ సూడమ్మా, ఇప్పుడు ఇదంతా తెలిసినదానివి నువ్వే కదా. నువ్వు ఇంటికాడ కూకుంటే కొత్తోళ్ళకి ఎవులు సెప్తారు? ఇయ్యాలో రేపో అనేస్తే ఎలాగ? పండగలు ఎల్లనీ, సూద్దాం."

నిన్నటిదాకా తెలియదు కాబట్టి వద్దు. ఇవాళ తెలుసు కాబట్టి వద్దు. గడియారంలాగే ఇదీ, వచ్చేటప్పుడు ఒక టైం, వెళ్ళేటప్పుడు ఒక టైం, పోయేది మాత్రం ఎప్పుడూ ఎదుటివాళ్ళదే.

"ఎవులూ సెప్పక్కర్నేదు," అంది ప్రమోద. "ఒక్క మాట టైపు సెయ్యడానికి సెప్పేది ఏటుంది? నేను లేకపోయినా లేవాలనే కదా రాసినాను. నేను ఎల్తన్నాను."

"సగం రోజు హాజరు పోతాది మరి!"

"ఏసుకోండి. ఏ టైం ప్రకారం ఏసుకుంటారో అదీ మీ ఇష్టమే."

లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. దుకాణంలో ఎవరికో చీర మడత విప్పి చూపిస్తున్నారు. వీధిలో సైకిళ్ళు, బళ్ళు, ఎండ. ఆటోవాడు జనంలోంచి బయటపడలేక హారను కొడుతుంటే, "కొట్టకు బాబూ, నడుపు," అని అరిచింది. అరిచాక గాని తెలియలేదు, ఏడుస్తోందని.

ఇంటి తలుపు తీసి ఉంది. లోపల చప్పుడు లేదు. దివ్యశ్రీ మంచం మీద ఎడం పక్కకి తిరిగి పడుకుని ఉంది. చెంప కింద తడి గుడ్డ. బంగారమ్మ పక్కన కూర్చుని ఉంది, ఫోను ఇంకా చేతిలోనే పట్టుకుని. ఆవిడ జుట్టు ముడి ఊడిపోయి ఉంది.

"ఒచ్చీసినాది," అంది. "వొచ్చి ఎల్లిపోనాది కూడా."

ప్రమోద మంచం పక్కన కూలబడింది. పిల్ల ఊపిరి చూసింది. పెదవి చూసింది. చిట్లలేదు.

"పక్కకి తిప్పీసినాను. నోట్లో ఏటీ ఎట్టలేదు. పక్కింటామె సెంచా తెచ్చినాది, పొమ్మన్నాను. పోన్లో టైం సూసినాను, రెండు నిమిషాలు కూడా నేదు. తరవాత నన్ను సూసి నానమ్మా అన్నాది." బంగారమ్మ పిల్ల చెంప కింద గుడ్డ సర్దింది. "నీ దిండు ఇంత గట్టిగా కొట్టుకోదే, అమ్మీ. నిజమైనది సానా గట్టిగా కొట్టుకుంటాది."

పిల్ల పిడికిట్లో తాళంచెవుల గుత్తి ఉంది. ప్రమోద దానికేసి చూసింది.

"ఇనుము పట్టించినాను. తిట్టకు," అంది బంగారమ్మ.

ప్రమోద తిట్టలేదు. ఎలా తిడుతుంది? తను ఆ మేడ మీద సంచి భుజాన వేసుకుని ఒక్కో లాప్‌టాప్ లేచేదాకా నిలబడి చూస్తున్న ఆ పావుగంటలోనే ఇక్కడ ఇదంతా జరిగిపోయింది. ఆ పావుగంట కూడా దుకాణమే తినేసింది. తినమని పెట్టింది తనే. అత్తగారి ఒళ్ళో తల పెట్టింది. "ఓసోసి, నువ్వేటే గుంటలాగ," అంది బంగారమ్మ, తల నిమురుతూ.

సాయంత్రం డాక్టరు చూసి భయం లేదన్నాడు. సూర్యతేజ ఖల్లికోట బండి దిగి నేరుగా ఆస్పత్రికే వచ్చాడు.

మర్నాడు ప్రమోద ఆఫీసుకి వెళ్ళలేదు. సెలవు అడగలేదు. వెళ్ళనని చెప్పనూ లేదు. వంటింటి గుమ్మం పక్కన, మంచం కనిపించే చోట పీట వేసుకుని లాప్‌టాప్ తెరిచింది. ఒక్క మాట టైపు చేసింది. లోపలి మిషను లేచింది. చెరువుల కొలతలు వచ్చాయి. మంచం మీద దివ్యశ్రీ దిండుని పక్కకి తిప్పి, "నోట్లో ఏటీ ఎట్టకూడదు," అని దానికి పాఠం చెబుతోంది.

టిఫిన్లయ్యాక ఫోను మోగింది. ధనరాజ్.

"ఏటమ్మా, రాలేదు? భంజనగర్ గుంట మిషను దానంతట అదే లేచినాదంట. సరే, అది వేరే సంగతి. నువ్వు ఎక్కడున్నావు?"

"పనిలో ఉన్నానండి."

"ఎన్ని గంటలకి మొదలెట్టినావు? ఇక్కడ మిషన్లో నీ వేలు నేదు."

"తొమ్మిదికి. ఊరి టైం తొమ్మిది. సాయంత్రం కూడా ఊరి టైమే సూసుకుని మూసేస్తాను."

దుకాణం గడియారం టిక్కుటిక్కుమనడం వినపడుతుందేమోనని ప్రమోద చెవి ఫోనుకి గట్టిగా అదిమిపెట్టింది. ఆ తరవాత ఆయన, "సూద్దాం," అని పెట్టేశాడు.

"ఎవులే?" అంది బంగారమ్మ వంటింట్లోంచి.

"గడియారాలోలు," అంది ప్రమోద. ఇంకా కోపంగానే ఉంది. తెర మీద ఏదో చెరువులో ప్రాణవాయువు తగ్గింది. ఫంక్షన్ లేచి రైతుకి కబురు పంపింది. ప్రమోద లేచి వెళ్ళి పిల్ల నుదురు మీద చెయ్యి వేసి చూసి, వచ్చి మళ్ళీ పీట మీద కూర్చుంది.